శవం లేని శోకం

"శవం లేకుండా నేను శోకం పెట్టనయ్యా," అంది ఫహీమా.

స్టేషన్ వీధిలోని కళాభవన్ మేడ మీద, మైకు ముందు కూర్చుని ఉందామె. మధ్యాహ్నం నమాజు వేళ దాటింది. పాత ఏడుపుపాటలు రికార్డు చేసుకుపోవాలని రాజధాని నుంచి రేడియో వాళ్ళు వచ్చారు. ఆ పాటలు ఇప్పుడు ఆమె ఒక్కదానికే వచ్చు. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో శవం లేచినా ముందు ఆమె గొంతే లేవాలి.

"ఊరికే పాడితే ఏమవుతుందమ్మా?" అంది రేడియో అమ్మాయి.

"ఏమవుతుందా! శవం లేనిచోట శోకం పెడితే శవాన్ని పిలిచినట్టే. మా అమ్మ ఒకసారి నవ్వులాటకి పాడింది. వారం తిరక్కుండా మా తమ్ముడు పోయాడు. నాకున్నది ఒక్కడు తల్లీ."

ఆ ఒక్కడు రజబ్. మైక్రోబస్సు నడుపుతాడు. పెళ్ళి ఇంకా కాలేదు. పొద్దున టీ అయినా తాగకుండా సోహాగ్ పట్నం ట్రిప్పుకి వెళ్ళాడు. ఖాళీ కడుపు, ఆ కాలువగట్టు రోడ్డు!

కళాభవన్ చూసుకునే వగ్దీ నీళ్ళగ్లాసు అందించాడు. ఈసారైనా చెప్పుకోదగ్గ పని ఏదీ జరగకపోతే భవనానికి తాళం వేస్తామని పైవాళ్ళు అతనికి చెప్పి నెలయింది.

"నువ్వు పాడాలి, ఫహీమమ్మా."

"ఇదేంటి కొత్తగా? ఇరవై ఏళ్ళుగా 'ఉమ్ రజబ్' అనేవాడివి. రజబ్ తల్లీ అని నోరారా పిలిచేవాడివి. రేడియో వాళ్ళ ముందు నన్ను పడుచుపిల్లని చేస్తున్నావా?"

అందరూ నవ్వారు. వగ్దీ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"మావాడికి ఒక్కసారి ఫోన్ చేసుకుంటానయ్యా."

"పాటయ్యాక చేద్దువుగాని. మధ్యలో మోగిందంటే అంతా పాడవుతుంది."

ఆమె ఫోను అప్పటికే అతని జేబులో ఉంది.

కింద వీధిలో దడదడమంది. ఫహీమా లేచి కిటికీలోంచి చూసింది. గుంజలు నిలబెడుతున్నారు. ఎర్రపూల షామియానా పైకి లేస్తోంది. పెళ్ళికైనా చావుకైనా కచేరీకైనా ఈ ఊళ్ళో అదే షామియానా.

"ఏమయ్యోయ్! నా పాటకే ఇంత హడావిడా?" అని కేకేసింది.

షామియానా వాళ్ళు తలెత్తి చూసి చప్పున దించుకున్నారు.

"చూశావా పొగరు! రేపు రేడియోలో పడ్డాక పలకరిస్తార్లే."

వగ్దీ వచ్చి కిటికీ మూశాడు.

"చప్పుడు," అన్నాడు.

ఫహీమా మళ్ళీ మైకు ముందు కూర్చుంది. "సరే, ముసలాళ్ళ శోకం పాడతా. వాళ్ళెలాగూ పోయేవాళ్ళే."

"కాదమ్మా. పెళ్ళికాని కుర్రాడి శోకం. అదే కావాలి."

ఆమె మొహం పాలిపోయింది. "ఆ పాట నా గడపలో మనసులో కూడా అనుకోను. నీకు దణ్ణం పెడతా, అదొద్దు."

వగ్దీ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీ పాట వల్ల ఎవరూ చావరు. నా పిల్లల మీద ఒట్టు."

పిల్లల మీద ఒట్టంటే మాటలా? ఏ తండ్రీ అబద్ధానికి అంత ఒట్టు వేయడు. ఫహీమా గుండె కుదుటపడింది. కళ్ళు మూసుకుంది.

"గోరింట తడి ఆరనేలేదు, చెయ్యి చాపరా పెళ్ళికొడకా,
నలుగురి భుజాల మీద ఊరేగింది చాలు, దిగిరారా పెళ్ళికొడకా..."

రేడియో అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. వగ్దీ గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

పాట అయిపోయింది. ఫహీమా కొంగుతో మొహం తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇక నా ఫోనియ్యవయ్యా. వాడు ఏమైనా తిన్నాడో లేదో."

మైకు వైర్లు చుట్టి పెట్టెలో సర్దేదాకా ఆగి, పొద్దున పదింటికే కాలువగట్టు నుంచి తనకొచ్చిన కబురు వగ్దీ అప్పుడు చెప్పాడు: "ఉమ్ రజబ్, ఆ షామియానా మీవాడికే."