ఐదు మాటలు, రెండు కార్డులు

"తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టే మనిషిని ఎక్కడైనా చూశావా తల్లీ?" కుర్చీలో కూర్చుంటూనే నర్సుని అడిగింది ఆవిడ.

పక్కనే నిలబడ్డ భర్త తల గోక్కున్నాడు. "పెట్టాను. ఒప్పుకున్నాగా!"

"మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. గిన్నె మాడి మసిబొగ్గయింది. ఇద్దరికీ ఒకేసారి వచ్చిందా మాయదారి జబ్బు. నేను పది రోజులు మంచమెక్కి లేచాను. ఈయన ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. తీరా చూస్తే బుర్రే పోయింది!"

"పిన్నిగారూ! జబ్బు సంగతి నాకు చెప్పకూడదు." నర్సు చెవులు మూసుకుంది.

జబ్బు తగ్గాక జ్ఞాపకశక్తి ఎలా ఉంటుందో చూడటానికి తొమ్మిది ఆసుపత్రులు కలిసి మూడేళ్లుగా చేస్తున్న అధ్యయనం అది. ఆ మహమ్మారి సోకినవాళ్లు కొందరు, పోల్చి చూడటానికి సోకనివాళ్లు కొందరు. ఎవరు ఏ గుంపో తెలిస్తే మార్కుల్లో జాలి కలుస్తుందని, పరీక్ష పెట్టే నర్సులకు కార్డు రంగు తప్ప ఏమీ చెప్పరు. ఆవిడది నీలం, ఆయనది పసుపు. రంగుల గుట్టున్న కవరు ఆఖరి విడత ముగిశాకే తెరుస్తారు. ఆవిడ నోటికి మాత్రం ఏ కవరూ చాలదు.

"రూలు రూలే. చెప్పకూడదంటే చెప్పకూడదు" అన్నాడు భర్త, కాస్త గట్టిగానే.

నర్సు ముందు ఆయన్ని లోపలి గదిలోకి పిలిచింది. "ఐదు మాటలు చెబుతాను బాబాయిగారూ. పావుగంట తర్వాత అడుగుతాను. దీపం, చిలక, నిచ్చెన, ఉప్పు, గొడుగు."

పావుగంట తర్వాత ఆయన ఐదూ గడగడా అప్పజెప్పాడు. "పోయినేడాదివి కూడా చెప్పనా? దువ్వెన, మేక..."

నర్సు పెన్ను కింద పెట్టింది. "అంటే ఇంట్లో మతిమరుపంతా నాటకమా! పని ఎగ్గొట్టడానికా?"

"మెల్లగా అమ్మా, గోడలకు చెవులుంటాయి." ఆయన తలుపు వైపు చూశాడు. "ఇది మా ఆవిడకి తెలిస్తే మా ఇంట్లో ఇక నవ్వనేది ఉండదు. నీకు దండం పెడతాను."

మార్కులు ఎవరికీ చెప్పకూడదన్నదీ రూలే. లేకపోతే ఈ మహానటుడి గుట్టు నర్సు అక్కడే రట్టు చేసేది. ఆవిడ మీద చెప్పలేనంత జాలేసింది.

తర్వాత ఆవిడ వంతు. "దీపం... ఉప్పు..." అని, మిగతావాటి కోసం కాసేపు పైకప్పు వెతికి, పకపకా నవ్వేసింది. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారుగా తల్లీ. ఆయన జబ్బు నాకూ అంటుకున్నట్టుంది. పోనీలే, ఇంట్లో ఒక్కరి బుర్రైనా సరిగ్గా ఉంది, అదే పదివేలు."

గుమ్మం దాటాక ఆవిడ ఆగింది. "నా కళ్లజోడేదీ?"

"నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయుంటాను, ఉండు." ఆయన గబగబా వెనక్కొచ్చి, ఆవిడ కూర్చున్న కుర్చీలోంచి కళ్లజోడు తీసుకున్నాడు.

"చూశావా తల్లీ!" అంది ఆవిడ గర్వంగా.

అదే ఆఖరి విడత కావడంతో, సాయంత్రం కవరు తెరిచారు. ఆ మహానటుడి సంగతేమిటో తేల్చుకోవాలని నర్సు అందరికన్నా ముందు కాగితం అందుకుంది. అందులో రెండే వరుసలున్నాయి. ఆవిడ నీలం కార్డు జబ్బు సోకినవాళ్లది.

ఆయన పసుపు కార్డు ఆ జబ్బు అసలు సోకనివాళ్లది.