మూడు వందల పన్నెండు మంది

"ఏ ఉత్తరం తల్లీ?" అన్నాడు ఫోన్లో పెద్దాయన.

చిట్టి ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

ఆయన ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పాత రేడియోలు బాగుచేసేవాళ్ళకి, ఒకరు మెయిల్ రాస్తే అందరికీ చేరే మెయిలింగ్ లిస్టులో అందరికంటే ముందు చేరినవాడు. ఆ లిస్టు పెట్టింది చిట్టి అన్నయ్య. తన రేడియో షాపు వెనక గదిలో సొంతంగా ఒక సర్వరు కూర్చుకుని, పదకొండేళ్ళుగా నడుపుతున్నాడు. ఆ అన్నయ్య ఇంట్లోంచి వెళ్ళిపోయి ఆరు రోజులైంది.

"అన్నయ్య కనిపించడం లేదని నాలుగు రోజులుగా లిస్టుకి రోజుకొకటి రాస్తున్నాను బాబాయ్ గారూ. ఒక్కరూ పలకకపోతే, ఇక ఉండబట్టలేక మీకు చేశాను."

"అయ్యో! నాకొక్కటీ రాలేదమ్మా. లిస్టు చప్పబడిపోయిందేమిటా అనుకుంటున్నా. ముందు నీ సర్వరు సంగతి చూడు."

ఫోన్ పెట్టేసేసరికి వదిన ఆ వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమన్నారు?"

"మన ఉత్తరాలు ఎవరికీ చేరినట్టు లేదు వదినా."

"నాలుగు రోజులుగా వాళ్ళందర్నీ తిట్టిపోస్తున్నానే, పాపం!" వదిన స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చుంది.

చిట్టి కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తుంది. సర్వర్ల పని అన్నయ్య దగ్గరే నేర్చుకుంది. ఏ ఉత్తరం ఏమైందో సర్వరు రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చూస్తే వరస వరసంతా ఒకటే మాట. ఇప్పుడు తీసుకోలేం, తర్వాత రండి. అవతలి సర్వర్లన్నీ గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాయి. ఉత్తరాలు వెళ్ళడం, తిరిగొచ్చి వరసలో నిలబడటం, మళ్ళీ వెళ్ళడం.

"మూడు వందల పన్నెండు మందిలో ఒక్కరికీ పోలేదా?"

"ఒక్కరికి పోయింది. అన్నయ్యకి. ఆయన మెయిల్ పెట్టె ఈ మెషీన్లోనే ఉంది కదా, గడప దాటే పని లేదు."

వదిన నవ్వబోయింది, రాలేదు. "బాగుంది. తప్పిపోయినాయనకే తప్పిపోయాడని చెప్పామన్నమాట."

పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు గానీ, ఎదిగిన మనిషి, అలిగి వెళ్ళుంటాడు, వస్తాడులే అన్నారు. గొడవ నిజమే. ఈ రోజుల్లో రేడియోలెవరు వింటారు, షాపు మూసేసి ఎక్కడైనా కుదురుగా ఉద్యోగం చూసుకోండి అంది వదిన. చిట్టి కూడా వదిన పక్షమే మాట్లాడింది.  అన్నయ్య స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని, వచ్చి అన్నం తిన్నాడు. తెల్లారేసరికి లేడు.

"పొమ్మనకుండా పొగబెట్టాం చిట్టీ, నువ్వూ నేనూ కలిసి," అంది వదిన.

చిట్టి తెరవైపు తిరిగింది. డిస్కు నిండిందేమో చూసింది. నిండలేదు. చెత్త మెయిళ్ళ పద్దులో తమ పేరు ఎక్కిందేమో చూసింది. ఎక్కలేదు. ఇంటర్నెట్లో సర్వరుకి చిరునామాలా ఉండే నంబరు చూసినప్పుడు గాని తెలియలేదు. పోయిన వారం లైను మార్చడానికొచ్చిన ఇంటర్నెట్ కంపెనీ మనిషి నంబరు కూడా మార్చేసి వెళ్ళాడు.

"మన సర్వరు పేరు చెప్పి అడిగితే ఇంటర్నెట్ ఈ నంబరే చెబుతోంది వదినా. నంబరు చెప్పి అడిగితే మాత్రం ఇంకెవరి పేరో చెబుతోంది. గుర్తింపు కార్డు మీద ఫొటో ఒకరిది, పేరొకరిదైతే ఎవరు లోపలికి రానిస్తారు?"

"మార్చెయ్యి మరి!"

"నా చేతిలో ఉన్నది సరిగ్గానే ఉంది. రెండోది ఆ కంపెనీ వాళ్ళే మార్చాలి."

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు. ఒకటి నొక్కమన్నారు, నాలుగు నొక్కమన్నారు, మళ్ళీ పాట వినిపించారు. చివరికి దొరికిన మనిషి, "రేపటికి అయిపోతుంది మేడమ్," అన్నాడు.

వదిన ఫోన్ లాక్కుంది. "బాబూ, మా ఆయన ఆరు రోజులుగా కనిపించడం లేదు. నీ దగ్గర ఒక్క పేరు మారితే మూడొందల మంది వెతుకుతారు. రేపు అనకు నాయనా."

అవతలి మనిషి గొంతు తగ్గించాడు. "లైన్లోనే ఉండండమ్మా."

పావుగంటలో పేరు మారింది. ఆ మార్పు అవతలి సర్వర్లన్నిటికీ తెలియడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. ఈలోపు చిట్టి పాత ఉత్తరాలు మూడూ తీసేసి, చివరిది ఒక్కటే ఉంచింది. వదిన చెబుతుంటే రాసిన ఉత్తరం అది. ఎక్కడున్నా ఇంటికి రండి, షాపు మాట ఇంకెత్తను, మీ చెల్లెలి మీద ఒట్టు.

చిట్టి మీట నొక్కింది. వరసలో మూడు వందల పదకొండు. నూట తొంభై. అరవై. తొమ్మిది. సున్నా.

"వెళ్ళిపోయాయి వదినా!"

వదిన ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. అన్నీ లిస్టుకే, అంటే అందరికీ వస్తున్నాయి. ఒకాయన స్టేషన్లు చూస్తానన్నాడు. ఇంకొకాయన తనకు తెలిసిన స్పేరు పార్టుల షాపులన్నిట్లో ఫొటో అతికిస్తానన్నాడు. పెద్దాయనైతే ఏ ఊళ్ళో ఎవరు తిరగాలో పేర్లతో సహా రాసి పంపించాడు. ఒక్కొక్కటీ పైకి చదివించుకుంటూ వదిన కళ్ళు తుడుచుకుంది. ఆరు రోజుల్లో మొదటిసారి, "కాస్త అన్నం తిందామా?" అంది.

అప్పుడే ఇంకొకటి వచ్చింది. అది మనిషి రాసింది కాదు. లిస్టు చూసుకునేవాళ్ళకి సర్వరు తనంతట తాను పంపే కబురు. సభ్యుల్లో ఒకరు ఇప్పుడే మెయిల్ పెట్టి తన పేరు తీసేయించుకున్నారు.

"ఇంత ఏడ్చి రాసుకుంటే చదివి తప్పుకున్నాడా?" వదిన కోపంగా తెర మీదికి వంగింది. "ఎవడే ఆ రాతిగుండె మనిషి?"

చిట్టి కబురు తెరిచింది. చదివింది. తెరకి చెయ్యి అడ్డం పెట్టబోయి, మానేసింది.

"అన్నయ్యే, వదినా."