నేల విడవని కాళ్లు

“నడకేంటమ్మా, నడక! అదీ ఒక ఆటేనా?” ఫుట్‌బాల్ కోచ్ యేసుబాబు జిల్లా టీము ఫారం మగ్గం మీద పెట్టబోయి, నేత పాడవుతుందని ఆగాడు.

కాళ్లు గుంటలోకి దించి నేస్తున్న పూజిత తల ఎత్తలేదు. “ఆటే సార్. పది కిలోమీటర్ల రేసు. పరిగెత్తితే అవుట్.”

“నీ అంత స్పీడున్న పిల్ల మంగళగిరిలోనే లేదు. పరిగెత్తొద్దనే ఆటకి పోతానంటావా? పానకాలు గారూ, మీరైనా చెప్పండి.”

పక్కనే కండెలు చుడుతున్న తండ్రి నవ్వాడు. “చెప్పానండీ. నా మాట వింటేగా!”

యేసుబాబుకి ఒళ్లు మండింది. “అసలు దానికి రూలేంటి?”

“ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉండాలి సార్. రెండూ ఒకేసారి లేవకూడదు.”

“మగ్గంలోనూ అంతేనండీ,” అన్నాడు పానకాలు. “రెండు కాళ్లూ లేపిందా, దారం మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే నాడె మధ్యలో ఇరుక్కుని పడుగు దారాలు తెగుతాయి. ఆరో క్లాసు నుంచీ దీనికదే అలవాటు.”

యేసుబాబు గుంటలోకి తొంగి చూశాడు. కుడికాలు చెక్కను తొక్కాకే ఎడమకాలు లేస్తోంది.

బంతి గాల్లోకి లేచిన ప్రతిసారీ, రెండేళ్లుగా, ఈ పిల్ల మీద గొంతు చించుకున్నాడు తను. “ఎగురు! ఎగరవేం? కాళ్లు నేలకి అంటుకుపోయాయా?”

ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

“అస్సలు బుద్ధి లేదు,” అన్నాడు విసుగ్గా.

మగ్గం ఆగింది. “నాకా సార్?”

“నీక్కాదు, నాకు. నువ్వు ఆపకు, తొక్కు.”