తేలిక బ్యాటరీ

"అక్కా, బావ వచ్చేలోపు అయిపోతుందిలే. నువ్వు గేటు దగ్గరికీ ఇక్కడికీ అలా తిరక్కు, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

తమ్ముడి మాట ఆమె చెవికెక్కలేదు. నాలుగున్నరైంది. చెకప్‌కి వెళ్లిన ఆయన ఏ క్షణాన్నయినా ఆస్పత్రి నుంచి బయల్దేరవచ్చు.

షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. వాళ్ల పెళ్లికన్నా చాలా ముందు పుట్టిన బండి. ఆమె దాన్ని "మా సవతి" అంటుంది.

నిజానికి సవతి మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా సీట్ల వెనక, మూత కింద కూర్చున్న పాత బ్యాటరీ మీద. ప్రతి ఆదివారం ఆయన నడుం వంచి, ఊపిరి బిగబట్టి, ఆ సీసపు దిమ్మను పైకి లాగి చార్జింగుకు పెడతాడు.

మూడు నెలల కిందట ఈ కారులోనే, నడిరోడ్డు మీద ఆయనకు గుండెపోటు వచ్చింది. నిండు బకెట్ కూడా ఎత్తకూడదన్నాడు డాక్టరు. ఆయన బుద్ధిగా తలూపాడు. మొన్న ఆదివారం షెడ్డులోంచి మళ్లీ మూలుగు వినిపించింది.

"పాత బండికి పాత రకం బ్యాటరీయే అచ్చొస్తుంది," అని ఆయన పట్టు.

అందుకే చెప్పకుండా లిథియం బ్యాటరీ తెప్పించింది. నెలల తరబడి చార్జి నిలుస్తుందట, బయటికి తీసే పనే లేదట. ఒంటిచేత్తో ఎత్తి చూసుకుని మురిసిపోయింది కూడా.

తమ్ముడు కొత్త కార్ల మెకానిక్. పాతదాన్ని లాగి నేల మీద పెట్టి, కొత్తది అమర్చి, బోల్టులు బిగించాడు. తాళంచెవి అందుకుని దానికి కట్టివున్న నీలం గళ్ల పేలికను చూసి నవ్వాడు.

"రింగు కొనుక్కోలేడా బావ? ఈ మాసిన గుడ్డేంటి?"

"దాని జోలికెళ్లకు. ఆయన ప్రాణం అందులోనే ఉంది."

"అమ్మా..."

ఉలిక్కిపడి తిరిగింది. తెరిచివున్న గేటు దాటి ఎవరో లోపలికొచ్చారు. అరవై దాటిన మనిషి. చంకన సంచి.

"ఇంటాయన ఎలా ఉన్నారమ్మా?"

"బాగానే ఉన్నారు. మీరెవరు?"

"నేను..." అతని చూపు కారు మీద పడింది. "బ్యాటరీ మారుస్తున్నారా? తేలికది! మంచి పని చేశారు. ఆయన బరువులు ఎత్తకూడదుగా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఎత్తకూడదని ఇతనికెవరు చెప్పారు? ఆయన ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చాడా?

అతను అప్పటికే కారులోకి తొంగి చూస్తున్నాడు.

"బాబూ, వైర్లు తారుమారయ్యాయి. ఈ బండిలో బాడీకి కలపాల్సింది ప్లస్సు."

"పెద్దాయనా, రోజూ పది కార్లు చూస్తాను. ఏ కారుకైనా బాడీకి మైనస్సే. సూర్యుడు పడమట పొడుస్తాడనేలా ఉన్నారే!"

"ఇది పాతకాలం బండి బాబూ, అప్పట్లో కొన్నిటికి ప్లస్సే కలిపేవాళ్లు. పాతది విప్పేటప్పుడు ఏ వైరు ఎటుందో చూశావా?"

తమ్ముడు చూడలేదు. ముఖం ఎర్రబడింది.

"అక్కా, ఎవరీయన? మనమేమైనా సలహా అడిగామా?"

ఇంట్లో ఫోను మోగింది. ఆమె పరుగెత్తింది.

"ట్యాక్సీ ఎక్కాను. పది నిమిషాల్లో ఇంట్లో ఉంటా. టీ పెట్టు," అన్నాడాయన.

బయటికొచ్చేసరికి తమ్ముడు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆ మనిషి ఒక్కడే, నడుం దాకా కారులోకి దూరివున్నాడు.

"ఏం చేస్తున్నారక్కడ?"

అతను నింపాదిగా లేచాడు. "ఆయన వచ్చి చూసేదాకా స్టార్ట్ చెయ్యొద్దమ్మా. దండం పెడతాను."

"ముందు బయటికి నడవండి!" ఆమె గొంతు ఆమెకే కీచుగా వినిపించింది. "మళ్లీ ఈ చుట్టుపక్కల కనిపిస్తే మర్యాదగా ఉండదు."

అతను గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆయన బాగున్నారు కదమ్మా, నిజంగానే?"

"బాగున్నారన్నానుగా!"

"చాలమ్మా," అని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆమె గేటు వేసి గొళ్లెం పెట్టింది.

తమ్ముడు తాళం తిప్పాడు. కారు కిక్కురుమనలేదు. మూత తీసి చూశాడు.

"దొంగవెధవ! వైరు విప్పేశాడక్కా!"

బాడీకి వెళ్లే వైరు ఊడివుంది. దేనికీ తగలకుండా దాని కొసకు గుడ్డపేలిక చుట్టి ముడి వేసివుంది. తమ్ముడు గోళ్లతో పీకాడు. ఆ ముడి ఒక పట్టాన ఊడలేదు.

గేటు బయట ట్యాక్సీ ఆగింది.

ఇక దాచడానికేముంది? ఆయన నేల మీది పాత బ్యాటరీని చూశాడు, భార్యను చూశాడు. అరవలేదు. కారులోకి వంగాడు. లేచేసరికి ముఖం పాలిపోయివుంది.

"ప్లస్సు కదరా బాడీకి కలపాల్సింది! ఇలాగే ఇంజను తిరిగివుంటే వైర్లన్నీ అంటుకునేవి. నువ్వు లోపలే కూర్చునివుండేవాడివి."

తమ్ముడు కారుకు దూరంగా జరిగాడు.

"మరి వైరు విప్పిన పుణ్యాత్ముడెవరు?"

"ఎవరో పెద్దాయన. దొంగనుకుని నేనే గెంటేశాను," అందామె. "మీరెలా ఉన్నారని అడిగాడు. వెళ్తూ వెళ్తూ మళ్లీ అడిగాడు..."

ఆయన వైరుకున్న పేలికను వేళ్లతో తడిమాడు. బావమరిది చేతిలోని తాళంచెవి కోసం చేయి చాచాడు.

రెండూ ఒకే నీలం గళ్లు, ఒకే ముడి.

ఆ రోజు నడిరోడ్డు మీద స్పృహ తప్పిన ఆయన్ని పక్క సీట్లోకి జరిపి, ఇదే కారు నడిపి ఆస్పత్రికి చేర్చి, పోకుండా గుడ్డ కట్టిన తాళంచెవి కౌంటర్లో ఇచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి మొహం మీదే ఆమె ఇందాక గేటు వేసింది.