చింతగింజంత ఎర

“దాన్ని కింద పెట్టుమా. ఆదివారం దాంతో పోటీకొస్తే ఉత్త చేతుల్తో ఇంటికి పోతావు.”

చేతిలో చేపలు పట్టే లావుపాటి ఎర్ర రాడ్‌తో రెబెకా వెనక్కి తిరిగింది. ఆ మాటన్నది పుత్తూరు వెంకటముని. పోయిన ఏడు పులికాట్ చేపల పోటీలో కప్పు గెలిచిన మనిషి. ఎల్లుండి ఆమె గెలవాలంటే ఓడించాల్సింది ఆయన్నే.

“ఆయన మాట వినొద్దు,” భర్త సుకుమార్ ఆమె చెవిలో గొణిగాడు. “పోటీలో ఉండేవాడు మనకు మంచి రాడ్ చెప్తాడా యాడన్నా?”

రెబెకాకూ అదే అనుమానం. పొద్దునే కారు డోరులో పడి ఆమె రాడ్ రెండు ముక్కలైంది. తిరుపతిలో ఆమెకు తెలిసి ఇలాంటివి దొరికేది ఈ గుణశేఖర్ అంగట్లోనే. గెలిచినవాళ్ళను అండమాన్ పోటీకి పంపిస్తారు. పేరిచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. రబ్బరు బొమ్మల్ని ఎరగా కట్టి ఈమె చేపలు పడతాదంట అని అప్పుడే నవ్వినవాళ్ళు నవ్వారు.

“ఎందుకు పనికిరాదన్నా? గట్టిగా ఉండాది కదా?”

“గట్టిగా ఉండేదానికే పనికిరాదు. నువ్వు పట్టబొయ్యేది ఫ్లాట్‌హెడ్‌ను. తల అణగ్గొట్టినట్టు ఉంటాదే, ఆ చేపను. అది పైకొచ్చి ఈదులాడే రకం కాదు. అడుగున ఇసకలో పూడుకోని, కండ్లు మాత్రం బయటపెట్టి పండుకోనుంటాది. నీ రబ్బరు ఎర దాని మూతి ముందర ఎగిరి పడాల. ఎగిరిందా, పడిందా, చేప ముట్టిందా, అన్నీ నీ చెయ్యికి తెలియాల. ఆ ఎర యామాత్రం ఉంటాది? చింతగింజంత. ఈ దుడ్డుకర్రకు అది ఉండేదీ తెలీదు, పొయ్యేదీ తెలీదు.”

ఆయన లోపలికి వెళ్ళి సన్నటి బూడిదరంగు రాడ్ ఒకటి పట్టుకొచ్చాడు. దానికి రీల్ బిగించి, దారం ఎక్కించి, కొసన రబ్బరు ఎర కట్టి రెబెకా చేతికిచ్చాడు. “కండ్లు మూసుకో,” అన్నాడు.

ఆమె మూసుకుంది. ఆయన ఎరను పట్టుకుని వాకిలిదాకా వెళ్ళిన అడుగుల చప్పుడు వినిపించింది.

“ఇప్పుడు?”

“ఏందో తగిలింది.”

“ఇప్పుడు?”

“ఈడ్చినావు. కాదు కాదు, ఎత్తి వదిలినావు.”

గచ్చు మీది ఇసక రేణువులు తన అరచేతిలోనే ఉన్నట్టనిపించింది ఆమెకు. తర్వాత ఆయన అదే ఎరను ఎర్ర రాడ్‌కు మార్చాడు.

“ఇప్పుడు?”

“ఏమీ లేదే. ఇంకా ముట్టుకోలేదా?”

“నాలుగు తూర్లు ముట్టుకుంటిమా.”

రెబెకా కళ్ళు తెరిచింది. అంత పెద్దమనిషి, పంచె పైకి చెక్కుకుని, వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

అయినా ఆమెకు మనసు కుదుటపడలేదు. “ఇంత సన్నంది, పెద్ద చేప పడితే ఇరిగిపోదా?”

ఆయన బూడిదరంగు రాడ్ దారాన్ని తన చేతికి చుట్టుకుని, “లాగు,” అన్నాడు. ఆమె లాగింది. కొస విల్లులా వంగింది. పిడి దగ్గర మాత్రం రాడ్ బిర్రుగా నిలబడింది.

“సూడు. కొస కబురు చెప్పాల. మొదలు బరువు మొయ్యాల. ఆ రెండూ ఉంటే సాలు, ఇంగ రాడ్‌ను మర్చిపోయి నీళ్ళను సూడు.”

రెబెకా దాన్నే కొనుక్కుంది. దారి పొడుగునా సుకుమార్ సణుగుతూనే ఉన్నాడు. “ఇందులో ఏదో మెలిక ఉండాది, సూస్తా ఉండు.”

ఆదివారం, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోట అందరూ మోకాటిలోతు నీళ్ళలో వరసగా నిలబడ్డారు. టేపు చుట్టిన పాత రాడ్‌తో వెంకటముని ఆ చివర ఉన్నాడు. ఎండ నెత్తికెక్కేదాకా ఎవరికీ చెప్పుకోదగ్గ చేప పడలేదు. రెబెకా విసురుతూనే ఉంది. ఎర ఎగరడం, ఇసకలో పడడం ఆమె చేతికి తెలుస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఒకసారి పడాల్సిన ఎర పడలేదు. అరచేతిలో ‘టక్’మంది.

ఆమె రాడ్ పైకి లేపింది. కొస వంగిపోయింది. రీల్ గిర్రుమంటూ దారం వదిలింది. “వదలొద్దు, వదలొద్దు!” సుకుమార్ గట్టు మీద నుంచి అరుస్తున్నాడు. చేప ఒడ్డు దగ్గరికొచ్చి మళ్ళీ లోపలికి దూసుకుపోయింది. రాడ్ మొదలు మాత్రం చెక్కుచెదరలేదు. రెండోసారి చేప దగ్గరికొచ్చినప్పుడు నీళ్ళు చిమ్ముకుంటూ ఒక మనిషి వల తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెంకటముని. తన రాడ్ ఇసకలో గుచ్చేసి వచ్చాడు. చేప కిందికి వల పోనిచ్చి, ఒక్క ఊపున పైకెత్తాడు. మోచెయ్యి దాటి ఉంది చేప.

“అబ్బా! ఏం చేపమా! ఇంగ నాకు ఆశ లేదు పో,” అని గట్టిగా నవ్వాడు.

సుకుమార్ తల వంచుకుని, ఆయన తడిసిన పంచె పిండడానికి సాయం పట్టాడు.

సాయంత్రం కప్పు అందుకున్నాక రెబెకా ఆయన కోసం వెతికింది. అప్పటికే పుత్తూరు బస్సుకని వెళ్ళిపోయాడట. బహుమతుల టేబుల్ దగ్గర గుణశేఖర్ కనిపించాడు.

“గుణశేఖరన్నా, అంత మనసుండే మనిషిని నేను యాడా సూడలేదు. పోటీలో ఉండి కూడా నాకు రాడ్ ఏరి పెట్టినాడు. అట్లాంటిదే ఇంకొకటి ఇయ్యి. నేనే పుత్తూరుకు పోయి ఆయన చేతికిచ్చి వస్తా.”

గుణశేఖర్ తల అడ్డంగా ఊపాడు.

“ఇంకొకటి లేదు మేడమ్. అది నేను అమ్మేదానికి తెచ్చింది కాదు. ఈ పోటీకోసరమని ఆయనే ముందుగా చెప్పి చెన్నై నుంచి తెప్పించుకునినాడు. ఆపొద్దు ఆయన మా అంగడికి వచ్చింది, దాన్ని తీసుకోని పోదామనే.”