బ్రౌన్ టేపు పార్సెల్

"ఇక్కడే విప్పండి. లోపల ఏముందో చూశాకే ఇస్తాను," అన్నాడు కౌస్తుభ్, పార్సెల్‌ని పొట్టకి అదుముకుని.

ఎడిసన్ స్టేషన్‌లో అప్పుడే ట్రైన్ దిగిన మనీషా తెల్లబోయింది. "అదేంటండీ! మా అమ్మ నాకు పంపింది. ప్లాట్‌ఫామ్ మీద విప్పడమేంటి?"

"మీ అమ్మగారెవరో నాకు తెలీదు. గుంటూరులో మా అమ్మ తెచ్చి నా సూట్‌కేస్‌లో కుక్కింది. ఫ్రెండ్ కూతురికట. స్టేషన్‌లో కలిసి చేతికే ఇవ్వాలట!"

అమెరికా వెళ్లేవాడి పెట్టెలో జానెడు ఖాళీ కనబడితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఆవకాయ కూడా ఎక్కి కూర్చుంటుంది. కౌస్తుభ్ మామూలుగా కిక్కురుమనడు, మోస్తాడు. కానీ ఈ పొద్దున పార్సెల్ మూల చిరిగి తెల్లటి పొడి రాలింది. అదేం మత్తుమందోనని అప్పట్నుంచీ అతనికి ఒకటే భయం. పైగా మెట్ల దగ్గర పోలీసు, ఆయన పక్కన వాసన పట్టే కుక్క!

"కస్టమ్స్‌లో అన్నీ నావే అని చెప్పి తెచ్చానండీ. ఇందులో ఏదైనా ఉంటే నా హెచ్‌వన్ వీసా గోవిందా! మీకేం పోయింది?"

"నేను డ్రగ్స్ తెప్పించుకునేదాన్లా ఉన్నానా?"

"ఎవరెలాంటివాళ్లో మొహాన రాసుంటుందా? ఏదీ, మీ ఐడీ చూపించండి. ఏ కంపెనీ? రూమ్‌మేట్స్ ఎవరు?"

మనీషాకి ఒళ్లు మండిపోయింది. పార్సెల్ లాక్కుని, ఇంటి తాళంచెవితో టేపు బర్రున చీల్చేసింది. లోపల కిలో బియ్యప్పిండి, అంతే.

"బియ్యప్పిండా!" కౌస్తుభ్ నోరు వెళ్లబెట్టాడు. "ఇక్కడి ఓక్ ట్రీ రోడ్‌లో ఏ ఇండియన్ కొట్టుకెళ్లినా దొరుకుతుందిగా! దీన్ని ఇండియా నుంచి మోయిస్తారా ఎవరైనా? ఇంకేదో ఉంది. అడుగున చూడండి."

ఇప్పుడు అనుమానం మనీషాకీ పట్టుకుంది. చెయ్యి పెట్టి కెలికితే మడతపెట్టిన కాగితం తగిలింది. వాళ్లమ్మ చేతిరాతే. చదివి, అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, కాగితం అతని చేతిలో పెట్టింది.

"పిండి పారేసినా ఫరవాలేదు తల్లీ. అది తెచ్చిన అబ్బాయి నీకు నచ్చాడో లేదో చెప్పు. జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడని వాళ్లమ్మ ఒట్టేసి మరీ చెప్పింది."