నలభై కుర్చీలు

డ్రైవరు లేని ఆ బస్సు మా వీధిలో ఆగాలంటే, నెలకోసారి జరిగే వార్డు సభలో నలభై మంది గంటసేపు కూర్చోవాలి. ఎంతమంది వచ్చారో కుర్చీలే చూసుకుంటాయి. బరువు పడగానే పచ్చదీపం వెలుగుతుంది.

ఈ నెల ఒక రచయిత వచ్చి నగర భవిష్యత్తు గురించి మాట్లాడతారన్నారు. సగం వీధి ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. వచ్చింది ముప్ఫై ఒక్కరమే. స్టాపు తీసేస్తే మా అమ్మాయి సింధుజ చీకటి పడ్డాక కాలేజీ నుంచి వంతెన కింద నడిచి రావాలి. అక్కడన్నీ కుక్కలు, తాగుబోతులు.

"బియ్యం మూటలు పెడదాం వదినా. కుర్చీకి మొహాలు తెలుస్తాయా ఏంటి?" అంది ఎదురింటి మహాలక్ష్మి.

మూటలు, రుబ్బురోలు, గ్యాసు బండ మోసుకొచ్చి కూర్చోబెట్టాం. ముప్ఫై తొమ్మిది దీపాలు వెలిగాయి. ఇంకొక్కటి ఎక్కడి నుంచి తేవాలో తోచలేదు.

రచయిత మైకు ముందు నిలబడి గ్యాసు బండకేసి చూశారు. "వీరెవరమ్మా?"

"మా చుట్టమేనండి. పెద్దగా మాట్లాడరు," అంది మహాలక్ష్మి.

పైవాళ్లకు చెప్పేస్తారేమోనని భయపడి, సింధుజ సంగతంతా నేనే ఆయనకు చెప్పేశాను. ఆయన మైకు వదిలేసి వచ్చి, నా పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. నలభయ్యో దీపం వెలిగింది.

"ఊరి సంగతి మీరే చెప్పండి, నేను వింటాను."

ఎవరేం చెప్పారో నాకు తెలియదు. మధ్యలో లేచిపోతారేమోనని, గంటసేపూ ఆయన లాల్చీ కొస పట్టుకునే కూర్చున్నాను.